పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11: మేం ఇచ్చిన చీటీలో ఒక తప్పు ఉంది, దయచేసి ముందు ఇది చదవండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి, అవి తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంటి కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి విండోస్ 11కి మార్చుకోవడానికి పోయిన వారం బడి నుంచి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లినవాళ్లు మాత్రం ముందు ఈ ఉత్తరం చదవండి, ఇంకా మొదలుపెట్టకపోతే ఇది పూర్తయ్యేదాకా మొదలుపెట్టకండి.

పెన్‌డ్రైవ్‌తో పాటు ఇచ్చిన చీటీలో "పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేయండి" అని రాశాం. అది తప్పు. "కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్ పూర్తిగా వచ్చాక పెన్‌డ్రైవ్ పెట్టండి" అని ఉండాలి. చదివితే రెండూ ఒకటేలా ఉంటాయి, కానీ మొదటి పద్ధతిలో కంప్యూటర్ పాత విండోస్‌ని లేపకుండా నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే మొదలవ్వచ్చు, అప్పుడు మీ ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంచి అప్‌గ్రేడ్ చేసే దారి మూసుకుపోతుంది. ఆ చీటీ నేనే చదివి సంతకం పెట్టాను, బాధ్యత నాదే. క్షమించండి.

ఈ తప్పు సోమవారం పొద్దున బయటపడింది. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ ల్యాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుని నా గదిలోకి వచ్చారు. "మేడమ్, మీరు రాసినట్టే చేశాం, పాప ప్రాజెక్ట్ మొత్తం పోయింది, రాత్రంతా ఏడుస్తూనే ఉంది" అన్నారు. కూర్చోబెట్టి ఏం జరిగిందో అడిగాను. చీటీలో ఉన్నట్టే పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశారు, అప్‌గ్రేడ్ అన్నది నొక్కారు, కంప్యూటర్ ఒప్పుకోలేదు. "కంప్యూటర్ ఇన్‌స్టలేషన్ మీడియా నుంచి స్టార్ట్ అయింది, దాన్ని తీసేసి మామూలుగా విండోస్ వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి" అన్న అర్థంతో ఒక మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది. రాత్రి పదకొండు గంటలప్పుడు దాన్ని ఎవరు నిదానంగా చదువుతారు? వెనక్కి వెళ్లి పక్కనున్న కస్టమ్ (విండోస్‌ని కొత్తగా వేసే ఎంపిక) నొక్కారు, అది గడగడా సాగిపోయింది, అయ్యేసరికి డెస్క్‌టాప్ ఖాళీ.

మా ల్యాబ్ సార్ ఆ ల్యాప్‌టాప్ తెరిచి సి డ్రైవ్‌లోకి వెళ్లారు. అక్కడ విండోస్.ఓల్డ్ అని ఒక ఫోల్డర్, అందులో యూజర్స్, అందులో అమ్మాయి పేరుతో ఇంకో ఫోల్డర్. దాని లోపల డాక్యుమెంట్స్‌లో ప్రాజెక్ట్ స్లయిడ్లు ముప్పై నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ తల్లి ఒక్కో స్లయిడూ జరిపి జరిపి చూసుకున్నారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫార్మాట్ గానీ డిలీట్ గానీ నొక్కకపోవడం వల్లే ఇది సాధ్యమైంది, నొక్కకపోతే పాత విండోస్‌తో పాటు మీ ఫైళ్లు కూడా ఆ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రాములు మాత్రం మళ్లీ వేసుకోవాల్సిందే.

మీ ఇంట్లోనూ ఇలాగే జరిగి ఉంటే కంగారు పడకండి, కానీ ఆలస్యం కూడా చేయకండి. ఆ ఫోల్డర్‌ని పది రోజుల తర్వాత విండోస్ తనంతట తానే తీసేయవచ్చు, కాబట్టి ఈ రోజే అందులోని ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఖాళీ పెంచుతామని చెప్పే క్లీనప్ ప్రోగ్రాములేవీ నడపకండి. ఒకవేళ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేసి ఉంటే అందులో కొత్తగా ఏమీ వేయకుండా, అసలు ఆన్ చేయకుండా మా దగ్గరికి తీసుకురండి. అప్పుడు తిరిగి వస్తాయని మాట ఇవ్వలేను, ప్రయత్నం మాత్రం చేస్తాం.

ఇక సరైన పద్ధతి. ముందు పిల్లల ఫైళ్లు, మీ ఫోటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మేం ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి కాదు, వేరే దానిలోకి. ఛార్జర్ పెట్టి ఉంచండి. సి డ్రైవ్‌లో ఓ 25 జీబీ ఖాళీ ఉంటే నిశ్చింతగా ఉంటుంది. విండోస్ 10 మామూలుగా నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్ని తెరిచి, సెటప్ అన్న ఫైల్ మీద రెండుసార్లు నొక్కండి. కాస్త ముందుకు వెళ్లాక ఏం ఉంచాలి అని అడుగుతుంది, అక్కడ ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచమన్న ఎంపిక మీదే చుక్క ఉండాలి. ఆ ఒక్క స్క్రీన్ దగ్గర మాత్రం పిల్లల్ని ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చుని మీరే చూసి ముందుకు నొక్కండి.

ఆ ఎంపిక బూడిద రంగులో ఉండి నొక్కడానికి రాకపోతే అక్కడే ఆపేసి బయటికి వచ్చేయండి. ల్యాబ్‌లో మాకు నాలుగు కంప్యూటర్లలో ఇలాగే అయింది, సగం రోజు తల పట్టుకున్నాక తెలిసిన కారణం భాష. మైక్రోసాఫ్ట్ ఇంగ్లీషు విండోస్‌ని రెండు రకాలుగా ఇస్తుంది, ఒకటి అమెరికా ఇంగ్లీషు, ఇంకోటి ఇంగ్లీష్ ఇంటర్నేషనల్. కంప్యూటర్‌లో ఒకటీ పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటీ ఉంటే యాప్‌లు ఉంచడానికి సెటప్ ఒప్పుకోదు. మనకు రెండూ చూడటానికి ఒకే ఇంగ్లీషు! రెండో రకం పెన్‌డ్రైవ్‌లు కూడా తయారుచేసి పెట్టాం, వచ్చి మార్చుకోండి.

కొందరు సొంతంగా పెన్‌డ్రైవ్ తయారుచేసుకుంటామన్నారు, మంచిదే. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉండే మీడియా క్రియేషన్ టూల్ వాడండి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫోటోలున్నది వాడకండి. ఈమధ్య వచ్చిన విండోస్ 11 సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ నేరుగా స్టార్ట్ అయితే "ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగ్స్ అన్నీ పోతాయని ఒప్పుకుంటున్నాను" అని టిక్ పెట్టమంటుంది. అది కనిపించిందంటే మీరు తప్పు దారిలో వచ్చారని గుర్తు. టిక్ పెట్టకండి, పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి, మీ పాత విండోస్ మామూలుగా వచ్చేస్తుంది.

"ఈ కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదు" అని వచ్చిందని చాలామంది ఫోన్ చేశారు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజంగా పనికిరానివి కొన్నే, మిగతావాటిలో ఒక సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది అంతే. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు), టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. టీపీఎం చాలా కంప్యూటర్లలో ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉంటుంది, అక్కడ దాని పేరు ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేస్తే సరిపోతుంది. దగ్గర్లో క్లియర్ టీపీఎం అని కనిపిస్తే మాత్రం దాని జోలికి వెళ్లకండి.

బయోస్‌లో చేయి పెట్టే ముందు ఇంకొక్క పని. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉంటుంది. బయోస్ సెట్టింగ్ మారగానే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోదు. ఆ కీ సాధారణంగా మీరు ల్యాప్‌టాప్‌లో సైన్ ఇన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది, ముందే తెరిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ముందు ఆ సంగతి చూసుకోండి, అప్‌గ్రేడ్ వచ్చే వారమైనా చేసుకోవచ్చు.

సెక్యూర్ బూట్ యూఈఎఫ్ఐలోనే పనిచేస్తుంది, కానీ బయోస్‌లో కంప్యూటర్ మొదలయ్యే పద్ధతిని మీ అంతట మీరు లెగసీ (పాత పద్ధతి) నుంచి యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి)కి మార్చకండి. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కి అలా మార్చగానే డిస్కే లేదని నల్ల స్క్రీన్ మీద చూపించింది, పిల్లలు బిక్కచచ్చిపోయారు. వెనక్కి లెగసీ పెట్టగానే విండోస్ మళ్లీ వచ్చింది. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉండటమే కారణం, దాన్ని ముందు జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. అందుకు విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని ఒక టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది, కానీ అది ల్యాబ్ సార్ దగ్గర కూర్చుని చేయించుకోవాల్సిన పని.

మధ్యలో ఒకే శాతం దగ్గర ఆగిపోయినట్టు ఉంటే పవర్ బటన్ నొక్కకండి. డిస్క్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే పని జరుగుతున్నట్టే, రెండు మూడు గంటలైనా ఓపిక పట్టండి. కొంతదూరం వెళ్లి మళ్లీ పాత విండోస్‌కి తిరిగొచ్చేసి 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే కోడ్ చూపిస్తే ఎక్కువగా డ్రైవర్ల (ప్రింటర్ లాంటి పరికరాల్ని నడిపే ప్రోగ్రాముల) గొడవ. ప్రింటర్, వెబ్‌క్యామ్, అదనపు డ్రైవ్‌లు పీకేసి, విడిగా వేసుకున్న యాంటీవైరస్ తీసేసి, డ్రైవర్లు అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. 0ఎక్స్80070070 అంటే ఖాళీ చాలలేదని. అలా వెనక్కి వచ్చేసినప్పుడు సాధారణంగా మీ ఫైళ్లకేమీ కాదు, కోడ్‌ని ఫోన్‌లో ఫోటో తీసి పంపితే మేం చూస్తాం. పెన్‌డ్రైవ్ అసలు కనిపించకపోయినా, కాపీ మధ్యలో ఆగిపోయినా ముందు పోర్ట్ మార్చి చూడండి, ల్యాబ్‌లో ఒక సీపీయూకి ముందు వైపు పోర్ట్‌లో మొరాయించింది వెనక పోర్ట్‌లో పెట్టగానే సాఫీగా అయిపోయింది.

అప్‌గ్రేడ్ అయ్యాక ఏదైనా నచ్చకపోతే, పని చేయకపోతే, పది రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి గో బ్యాక్ నొక్కి విండోస్ 10కి తిరిగి వెళ్లొచ్చు. ఆ పది రోజుల్లో పిల్లలు రోజూ వాడే ప్రతి ప్రోగ్రామ్‌నీ ఒకసారి తెరిచి చూడమనండి.

నిజంగానే పనికిరాని పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు బాధపడొద్దు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, అందుకే మేం ఈ పని మొదలుపెట్టాం, కానీ ఇంట్లో వాడేవాళ్ల కోసం 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు పథకం ఉంది, అప్‌డేట్ సెట్టింగ్స్‌లో నమోదు చేసుకోవచ్చు. తనిఖీలు దాటించి బలవంతంగా విండోస్ 11 వేసే చిట్కాలు పిల్లలు ఎక్కడో చూసి చెబుతారు, అలా వేసిన కంప్యూటర్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు కాబట్టి నేను ఒప్పుకోను. హోమ్‌వర్క్ కోసం ఎవరూ కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు, మన బడి పనులన్నీ విండోస్ 10లో చక్కగా అవుతాయి. ఏ టీచరైనా దీని గురించి మీ పిల్లల్ని ఒత్తిడి చేస్తే నాకు చెప్పండి.

ఈ వారమంతా సాయంత్రం బడి వదిలాక ఒక గంట ల్యాబ్ తెరిచే ఉంటుంది. ల్యాప్‌టాప్, ఛార్జర్, పాత చీటీ మూడూ తీసుకురండి. పాత చీటీ మాకిచ్చేసి కొత్తది తీసుకెళ్లండి, ఆకుపచ్చ కాగితం మీద వేయించాం, పాతది ఇంకెవరి ఇంట్లోనూ మిగలకూడదు. అప్‌గ్రేడ్ ఇబ్బంది వల్ల ఈ పదిహేను రోజుల్లో ప్రాజెక్ట్ ఆలస్యమైన పిల్లలెవరికీ మార్కులు తగ్గించరు, టీచర్లందరికీ చెప్పాను. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రాజెక్ట్ నిన్ననే ఇచ్చేసింది.

మీ ప్రధానోపాధ్యాయురాలు