సోయా ఊసు వచ్చింది, రొయ్య ఊసు రాదా?

సంపాదకులు గారికి నమస్కారం.

2025 అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కలిసిన వార్త మీరు మొదటి పేజీలో పెద్ద ఫొటోతో వేశారు. చెరువుగట్టున మేత బస్తా మీద కూర్చుని నేను అందులో వెతికింది ఒక్క అంకె. చైనా సరుకు మీద అమెరికా సుంకం 57 నుంచి 47 శాతానికి దిగింది. మన సరుకు మీద మాత్రం అప్పటికి 50 దగ్గరే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో ఇదే అమెరికా చైనా మీద 145 శాతం వేస్తే, చైనా తిరిగి 125 వేసింది. మనం ఎదురు వెయ్యలేదు. అయినా రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి మనకి ఇంకో 25 శాతం తగిలించారు. ఆ చమురు మనకంటే ఎక్కువ కొనేది చైనాయే! ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. ఇక్కడ ఆబోతులు రాజీపడ్డాక కూడా విరిగిన కాళ్లు మనవే.

సంతబొమ్మాళి మండలంలో నాకు రెండెకరాల వెనామీ రకం రొయ్యల చెరువు ఉంది. రొయ్య పిల్లల్ని తీసే హేచరీలకి తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే వస్తాయి. పెరిగిన సరుకు ఎక్కువగా మళ్లీ అమెరికాకే పోతుంది, ఆ తర్వాత చైనాకి. ఆగస్టులో పట్టుబడికి సిద్ధమైతే, కొనేవాడు ఫోన్లో ‘టారిఫ్ పడింది బాబూ’ అని కిలోకి ముప్పై రూపాయలు కోసేశాడు. ఆపుదామంటే వైట్ స్పాట్ తెగులు టెన్షన్, చెరువులో గాలి ఆడించే ఏరేటర్ల కరెంటు బిల్లు. పట్టించేశాను. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకి అక్కడ అప్పుడు సుంకం 15 శాతమే.

బుసాన్‌లో చైనా పని జరిగింది అరుదైన ఖనిజాల మీద దానికున్న పట్టు వల్ల. అక్టోబరులో పెట్టిన ఎగుమతి ఆంక్షల్ని ఏడాది ఆపుతానంది, అమెరికా మెత్తబడింది. (మా భావనపాడు ఇసుకలోనూ ఆ అరుదైన ఖనిజాలుండే మోనజైట్ ఉంది. కానీ ఇసుకని మాగ్నెట్ దాకా తెచ్చే ఫ్యాక్టరీలు కావాలి కదా.) బదులుగా అమెరికా తన సోయా రైతు సంగతి తేల్చుకుంది. వచ్చే మూడేళ్లు ఏటా రెండున్నర కోట్ల టన్నులు కొంటామని చైనా మాట ఇచ్చినట్టు వైట్‌హౌస్ ప్రకటించింది. అంత పెద్ద తగవులోనూ వాళ్ల రైతు పంట ఊసు వచ్చింది.

మన వాణిజ్య చర్చల్లో రొయ్య పేరు ఎవరైనా ఎత్తారా, ఎత్తితే ఏమని ఎత్తారు? మీ ఢిల్లీ విలేకరి చేత అడిగించి వెయ్యండి. షేక్‌హ్యాండ్ ఫొటో చిన్నదైనా ఫర్వాలేదు. నా రెండో పంట డిసెంబరులో పట్టుబడికి వస్తుంది.

– ఒక రొయ్యల రైతు,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా