అప్పుల పేరు చెప్పి కండువా మార్చేవారికి ఒక పరీక్ష

సంపాదకులకు,

పార్టీ మారే ప్రజాప్రతినిధులు చెప్పే కారణాల్లో ‘నియోజకవర్గ అభివృద్ధి’ పాతబడింది. ‘ఖజానాను ఖాళీ చేశారు, అప్పులపాలు చేశారు, అందుకే బయటికి వస్తున్నాను’ అనే మాట ఇప్పుడు తరచుగా వినబడుతోంది. ఆ మాటను వినగానే కొట్టిపారేయనక్కర్లేదు. అయితే అన్న మనిషి తన సభ్యత్వాన్ని ఏం చేశాడో, తర్వాత బడ్జెట్ పద్దులపై ఎటు ఓటేశాడో చూడకుండా నమ్మనూ అక్కర్లేదు.

ఈ విషయంలో అమెరికాలోని ఫిల్ గ్రామ్ ఉదంతం గుర్తు చేసుకోదగినది. టెక్సస్ నుంచి ప్రతినిధుల సభకు డెమొక్రాట్‌గా గెలిచిన ఆయన 1981లో సొంత పార్టీని కాదని రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ ప్రతిపాదించిన వ్యయ కోతలకు మద్దతుగా నిలిచాడు. 1983 జనవరిలో పార్టీ ఆయన్ను సభ బడ్జెట్ కమిటీ నుంచి తప్పించగా, సభ్యత్వానికే రాజీనామా చేసి, ఫిబ్రవరి ఉప ఎన్నికలో అదే నియోజకవర్గం నుంచి రిపబ్లికన్‌గా పోటీ చేసి గెలిచాడు. పార్టీ మారితే రాజీనామా చేయాలన్న నిబంధన అక్కడ లేదు. లోటును 1991 నాటికి సున్నాకు తేవాలని 1985లో వచ్చిన చట్టానికి కూడా ఆయన పేరే ముందుంది. ఆ చట్టం పెద్దగా ఫలించలేదన్నది నిజమే: లోటు లక్ష్యం తప్పితే వాటంతటవే అమలయ్యే ఆటోమేటిక్ కోతల ఏర్పాటును 1986లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 1990లో లోటు 22 వేల కోట్ల డాలర్లు దాటింది. పన్నులను భారీగా తగ్గిస్తూ లోటునూ తగ్గిస్తామన్న రీగన్ వర్గం లెక్క నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. కానీ ఓటరు ముందుకు మళ్లీ వెళ్లాడు కాబట్టి ఆ మనిషి నిజాయితీని శంకించలేం.

దీనికి భిన్నంగా పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2009 ఫిబ్రవరిలో 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన బిల్లుకు ఓటేసిన ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లలో ఒకరై, సొంత పార్టీ ఓటర్ల ఆగ్రహం తప్పదని తేలాక, ఏప్రిల్‌లో పదవి వదలకుండానే డెమొక్రాట్ అయ్యారు. మరుసటి ఏడాది ఆ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటర్లు ఆయన్ను తిరస్కరించారు.

మన దేశంలో ప్రభుత్వ లోటుకు హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం, ఫిరాయింపుల నిరోధాన్ని కట్టుదిట్టం చేసిన 91వ రాజ్యాంగ సవరణ, రెండూ 2003 నాటివే. మూడింట ఒక వంతు సభ్యులు చీలితే అనర్హత తప్పించుకునే వెసులుబాటును ఆ సవరణ తొలగించి, మంత్రుల సంఖ్యను కూడా సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది. అయితే కార్పొరేషన్ చైర్మన్ గిరీలు, సలహాదారుల కేబినెట్ హోదాలు ఆ లెక్కలోకి రావు. అప్పులు చూసి కడుపు మండి పార్టీ మారిన నాయకుడికి కారు, సిబ్బంది, భత్యాలు అదే అప్పుల ఖజానా నుంచి అందుతుంటే, ఆయన ఆవేదన ఎంత లోతైనదో ఎవరైనా అంచనా వేయవచ్చు.

విచిత్రమేమిటంటే చట్టం ఇరకాటంలో పెట్టేది ఇలాంటివారిని కాదు. అధికార పక్షంలో ఉంటూనే ఒక పద్దు దండగ అనుకుని వ్యతిరేకంగా ఓటేసే సభ్యుడు విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించినట్టే. పార్టీ పదిహేను రోజుల్లో మన్నించకపోతే పదవికే ముప్పు. కండువా మార్చినవారిపై ఫిర్యాదులు మాత్రం సభాపతి దగ్గర నెలల తరబడి మగ్గవచ్చు, ఎందుకంటే ఫిరాయింపుల నిరోధక నిబంధనలున్న రాజ్యాంగ పదో షెడ్యూలులో గడువు లేదు. సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో చెప్పినా జాప్యాలు ఆగలేదు. ఇక చర్చకు రాని పద్దులన్నిటినీ చివరి రోజున గిలెటిన్ చేసి ఒక్క ఊపులో ఆమోదించేటప్పుడు ఏ సభ్యుడికి ఏ అభ్యంతరం ఉందో ప్రజలకు తెలిసే దారే లేదు.

కాబట్టి విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకు, ద్రవ్య వినిమయ, ఆర్థిక బిల్లులకు పరిమితం చేసి, విడివిడి పద్దులపై సభ్యులను స్వేచ్ఛగా ఓటేయనివ్వాలి. పద్దును తగ్గించాలని కోరే కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం పడిపోయినట్టేనన్న సంప్రదాయం దీనికి అడ్డుగా ఉందని అంటారు. కానీ అది సంప్రదాయమే గనుక, ప్రభుత్వం మరుసటి రోజే విశ్వాస తీర్మానం పెట్టి తన బలాన్ని నిరూపించుకునేలా సభా నియమాలను సవరించవచ్చు. దానితో పాటు, పార్టీ మారిన సభ్యుడు మళ్లీ గెలిచి వచ్చేదాకా ఖజానాపై భారం పడే ఏ పదవీ, హోదా స్వీకరించరాదన్న నిబంధనను పదో షెడ్యూలులో చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు