అయస్కాంతం పెడితే వేడి సంగతేమిటి?

సంపాదక మహాశయులకు,

యాంత్రిక వాచీల్లో కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతుంది; దాన్ని వెనక్కి లాగే సన్నని చుట్టల స్ప్రింగే హెయిర్‌స్ప్రింగ్. దాని బదులు అయస్కాంతాలు పెడితే చాలు, ఇబ్బందులన్నీ పోతాయన్న భావన చాలామందిలో ఉంది. అది నిజం కాదు. 2010లో ట్యాగ్ హోయర్ అనే వాచీల కంపెనీ 'పెండ్యులమ్' ప్రయోగ వాచీలో స్ప్రింగ్ తీసేసి నాలుగు అయస్కాంతాలతో బ్యాలెన్స్ చక్రాన్ని సెకనుకు 6 సార్లు అటూ ఇటూ ఊగేలా చేసింది. మెచ్చుకోదగ్గ పనే. అసలు చిక్కు వేడితో వస్తుంది.

నియోడైమియం అయస్కాంతం ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.1 శాతం బలం కోల్పోతుంది. చక్రాన్ని వెనక్కి లాగే బలం ఎదురెదురు అయస్కాంతాల బలాల లబ్ధం. ఇద్దరి బలమూ తగ్గడంతో అది 0.2 శాతం పడిపోతుంది. చక్రం ఊగే వేగం దాని వర్గమూలానికి తగ్గట్టు మారుతుంది కాబట్టి 0.1 శాతం తగ్గుతుంది. అంటే ఒక్క డిగ్రీకే రోజుకు సుమారు 86 సెకన్లు వెనకబడుతుంది! మామూలు ఉక్కు స్ప్రింగ్‌తో ఆ తేడా 11 సెకన్ల దగ్గర ఉండేది. దాన్ని భౌతిక శాస్త్రవేత్త గియోమ్ కనిపెట్టిన, వేడికి సాగేగుణం దాదాపు మారని ఎలిన్వార్ మిశ్రలోహం దాదాపు తుడిచేసింది. పైగా అయస్కాంతపు లాగుడు కోణానికి సమంగా పెరగదు కాబట్టి ఊపు తగ్గితే వేగమూ మారుతుంది.

2013లో బ్రెగే కంపెనీ వాచీ 7727 వేరే దారి పట్టింది. అందులో అయస్కాంతాలు బ్యాలెన్స్ చక్రపు ఇరుసు కొనలను మాత్రమే నిలబెడతాయి. ఒకవైపు లాగుడు ఎక్కువగా ఉంచడంతో, వాచీని ఎటు తిప్పినా ఇరుసు అటే ఆనుకుంటుంది. వేగాన్ని నిర్ణయించేది అయస్కాంతానికి లొంగని సిలికాన్ స్ప్రింగే. మాకు ఇదే సరైన పద్ధతిగా తోస్తోంది.

మామూలు వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే, స్ప్రింగ్ చుట్లు అయస్కాంతీకరణతో అతుక్కున్నాయేమో దిక్సూచితో చూడండి. ముల్లు కదిలితే అయస్కాంతత్వాన్ని తొలగించే పరికరం డీమాగ్నెటైజర్ చాలు, విప్పనక్కర్లేదు.

- వాచీ మరమ్మతు తెలిసిన పాఠకులు