వార్షిక నివేదిక: కొత్త సభ్యుల భద్రతకు ఈ ఏడాది చేసిన మార్పులు

సభ్యులందరికీ నమస్కారం.

మందు మానాలని మన మీటింగుకు కొత్తగా వచ్చేవారిని మన లోపలివాళ్ల నుంచే కాపాడుకోవలసి రావడం ఇబ్బందికరమైన విషయమే. అయినా ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం దీనికే ఇచ్చింది. మందు మానేందుకు మన పద్ధతిలో ఉన్నవి పన్నెండు మెట్లే. పాత సభ్యులు కొత్తవారిని లొంగదీసుకోవడాన్ని ‘పదమూడో మెట్టు’ అంటూ కొందరు నవ్వులాటగా చెప్పుకుంటారు. ఆ జోకు ఇక మానేయండి.

మొదటి మూడు నెలల్లో కొత్తవారికి నిద్ర ఉండదు, అప్పులవాళ్లు వదలరు, ఇంట్లో ఎవరూ నమ్మరు. అప్పుడు చేయందించినవాళ్లే దేవుళ్లు. దానికితోడు మన పద్ధతిలో నాలుగో మెట్టు తప్పుల చిట్టా రాయమంటుంది, ఐదో మెట్టు దాన్ని మరో మనిషికి విప్పి చెప్పమంటుంది. అంటే ఇంటి గుట్టంతా స్పాన్సర్ (కొత్తవారికి తోడుండి మెట్లు చేయించే పాత సభ్యులు) చేతికి వెళ్తుంది. బెదిరింపులకు అసలు మూలం ఇదే. అందుకే చిట్టా నోటుబుక్కు రాసినవారి దగ్గరే ఉండాలి. దాన్ని ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపమని అడగకూడదు.

ఆడవాళ్లకు ఆడవాళ్లే స్పాన్సర్లుగా ఉండాలన్న పాత నియమం కొనసాగుతుంది. అందరికీ అది సరిపోదు. కాబట్టి స్పాన్సర్‌ను మార్చుకునే హక్కు కారణం చెప్పనక్కర్లేకుండా ఇచ్చాం. స్పాన్సర్‌కూ కొత్త సభ్యులకూ మధ్య అప్పులు, చీటీలు, ఉద్యోగం ఇప్పిస్తాననే మాటలు మొదటి ఏడాది నిషిద్ధం. డాక్టరు రాసిన మాత్రలు ‘అవీ మత్తే’ అంటూ మాన్పించడమూ దుష్ప్రవర్తనే. నిద్రమాత్రల్లో కొన్నింటిని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

వాట్సాప్ గ్రూపు తీసేశాం. అందులో చేరగానే కొత్తవారి నంబరు అందరికీ కనిపించేది. ఇప్పుడు ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించని బ్రాడ్‌కాస్ట్ లిస్టు ద్వారా కబురు పంపుతున్నాం. పంపేవారి నంబరు సేవ్ చేసుకున్నవారికే అది అందుతుంది కనుక మొదటిరోజే పక్కన ఉండి సేవ్ చేయించాలి. ఈ పని మరిచిపోయిన చోట మీటింగు మారిన సంగతి కొత్తవారికి తెలియడం లేదు. ఇంటికి దింపేటప్పుడు ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి.

ఫిర్యాదు తీసుకోవడానికి ఇద్దరుంటారు, వారిలో ఒకరు మహిళ. బాధితులు చెప్పినది వాళ్ల మాటల్లోనే, తేదీ, సమయం, చోటుతో రాసుకోవాలి. ‘నువ్వెందుకు వెళ్లావు?’ అన్న ప్రశ్న వద్దు. నంబరు బ్లాక్ చేసేముందు మెసేజుల స్క్రీన్‌షాట్లు తీయించాలి. ఆరోపణ వచ్చినవారిని అదే రోజు స్పాన్సర్ బాధ్యత నుంచీ, తాళాలూ హుండీ చూసే పనుల నుంచీ తప్పించాలి. ఇది తీర్పు కాదు, జాగ్రత్త.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడం. తొమ్మిదో మెట్టు ప్రకారం క్షమాపణ చెప్పనివ్వాలి కదా అని కొందరి వాదన. ఎదుటివారికి హాని కలిగేచోట చెప్పవద్దని ఆ మెట్టులోనే ఉంది.

మీటింగులో విన్నది బయట చెప్పకూడదన్న మాట మన వ్యసనాల గురించి. నేరానికి అది కప్పు కాదు. బాధితులు 18 ఏళ్లలోపువారైతే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, తెలపకపోతే శిక్ష ఉంది. పెద్దవారైతే నిర్ణయం వాళ్లదే. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్‌ఐఆర్) ఇవ్వవచ్చని, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉందని చెప్పి, కావాలంటే వెంట వెళ్లాలి. అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098.

మహిళలకు విడిగా మీటింగు అన్నిచోట్లా ఇంకా పెట్టలేకపోయాం. నడిపేందుకు కనీసం ఇద్దరు పాత మహిళా సభ్యులు కావాలి. ముందుకొచ్చేవారు కార్యదర్శికి చెప్పండి. నియమాల కాగితం టీ బల్ల పక్కన అతికించాం, చిరిగితే కొత్తది అడగండి.

— కార్యవర్గం