నెమలికంఠం ఏ గోడకు?

సంపాదకులకు,

పండగ దగ్గరపడితే చాలు, పత్రికల ఇంటి పేజీల్లో ఒక గోడ నెమలికంఠం, మిగతా మూడూ మీగడ రంగు ఉన్న గది ఫొటో వచ్చేస్తుంది. ఆ గదికి కిటికీ ఎటుందో, ఏ లైటు వెలుగుతోందో మాత్రం ఉండదు. తేడా అంతా అక్కడే.

షేడ్ కార్డులో అగ్గిపెట్టె అంత ముక్క చూసి ఈ రెంటినీ పోల్చలేం. రెండు తెల్ల డ్రాయింగ్ షీట్లు తీసుకుని, చుట్టూ రెండంగుళాల అంచు వదిలి, ఒక్కోదానికి రెండు కోటింగులు వేయాలి. అంచు వదలకపోతే పాత గోడ రంగు పక్కన పడి కన్ను మోసపోతుంది. ఎమల్షన్ ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది, అందుకని మర్నాడే చూడాలి. పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి. 6500 కెల్విన్ (లైటు రంగును చెప్పే కొలత) తెల్ల ట్యూబులైటు కింద తేటగా ఉండే నెమలికంఠం, 2700 పసుపు బల్బు కింద ఆకుపచ్చలోకి దిగి మసకేస్తుంది. మీగడకు పసుపెక్కుతుంది.

ఇక గోడ. కిటికీ ఉన్న గోడకే ముదురు రంగు వేస్తే పగలు వెలుతురు కళ్లల్లో కొడుతుంది. పక్క గోడకు వేస్తే వెలుగు ఏటవాలుగా పడి, లప్పం సరిగా రుద్దని ప్రతి గీతా లేచి కనబడుతుంది. మీగడైతే అవన్నీ చాలావరకు దాచేస్తుంది. కిటికీకి ఎదుటి గోడే మేలు. చెమ్మ గోడకు మాత్రం ముదురు రంగు వద్దే వద్దు. ఉప్పు పొంగితే తెల్ల మరకలు దూరం నుంచే కనిపిస్తాయి.

ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే రంగు కలపకముందు ఉండే మూల పెయింటులో, తెల్ల పిగ్మెంటు తక్కువ, కప్పే శక్తీ తక్కువే. 12×10 అడుగుల గోడకు మీగడ రెండు కోటింగులతో సుమారు లీటరు అవుతుంది. నెమలికంఠానికి మూడో కోటింగు పడి లీటరున్నర దాకా పోతుంది. బూడిద రంగు కలిపిన ప్రైమర్ కింద వేస్తే ఒక్కోసారి ఆ మూడోది తప్పుతుంది. కావలసిన రంగంతా ఒకేసారి కలిపించుకోండి, తర్వాత కలిపింది ఒక్క పిసరు తేడా వచ్చినా అతుకు తెలిసిపోతుంది.

మూలలో గీత నిటారుగా రావాలంటే ముందు మీగడ పూర్తిగా ఆరాలి. ఆ వైపే టేపు వేసి, టేపు అంచు మీద మళ్లీ మీగడే పల్చగా పూసి, ఆరాక నెమలికంఠం వేయాలి. కారితే మీగడే కారుతుంది, మరక తెలియదు. చివరి కోటింగు తడిగా ఉండగానే టేపు తీసెయ్యాలి. ఎండిపోయాక లాగితే పొర చిరుగుతుంది.

ఇకనుంచి ఫొటో కింద కిటికీ దిక్కు, లైటు రంగు ఒక్క వాక్యంలో వేయగలరా?

ఒక పాఠకుడు, విజయవాడ