క్రెస్‌వెల్ ఎందుకు ఆడాల్సి వచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్.ఏ. కప్ తొలి ఫైనల్ మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం లెఫ్టినెంట్ ఎడ్మండ్ క్రెస్‌వెల్‌ను ఆకాశానికెత్తింది. కాలర్ బోన్ (మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక) విరిగినా ఆయన చివరిదాకా మైదానం వదల్లేదన్నది నిజమే. కానీ ఎందుకు వదల్లేదో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. బడి పిల్లలూ కోచ్‌లూ చదివే పేజీ కాబట్టి అది చెప్పి తీరాలి.

1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో, సుమారు 2,000 మంది చూస్తుండగా వాండరర్స్, బ్రిటిష్ సైన్యానికి చెందిన రాయల్ ఇంజినీర్స్ జట్లు తలపడ్డాయి. అందరూ అమెచ్యూర్లే. క్రెస్‌వెల్‌ది ఇంజినీర్స్ జట్టు. ఆట మొదలైన పది నిమిషాలకే ఆయన ఎముక విరిగింది. ఒకరి బదులు మరొకరిని దింపే సబ్‌స్టిట్యూట్ అన్న ఏర్పాటే అప్పట్లో లేదు. ఆయన బయటికి నడిస్తే మిగిలేది పదిమందే. అందుకే పనికిరాని చేత్తోనే నిలబడ్డాడు. మరో ఐదు నిమిషాలకు గోల్ పడింది. వాండరర్స్ ఆటగాడు వాల్పోల్ విడాల్ బంతిని తీసుకెళ్లి అందిస్తే, ‘ఏ.హెచ్. చెకర్’ అన్న మారుపేరుతో దిగిన మోర్టన్ బెట్స్ గోల్‌పోస్టుల పక్కవాటు నుంచి లోపలికి కొట్టాడు. అప్పటి గోల్‌కు అడ్డకర్ర లేదు, పోస్టుల మధ్య టేపు కట్టేవారు. వల కూడా లేదు. అందరూ గెలుస్తారనుకున్న ఇంజినీర్స్ 1-0తో ఓడారు.

ధైర్యం క్రెస్‌వెల్‌దే, కాదనను. తప్పు నిబంధనలది. అది సరిదిద్దుకోవడానికి ఇంగ్లండ్‌కు దాదాపు వందేళ్లు పట్టింది. 1956 ఫైనల్లో మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ బెర్ట్ ట్రౌట్‌మన్ మెడ ఎముక విరిగినా ఆడాడు. 1957 ఫైనల్లో రే వుడ్ చెంప ఎముక, 1959లో రాయ్ డ్వైట్ కాలు, 1960లో డేవ్ వీలన్ కాలు విరిగాయి. ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో తొలిసారి సబ్‌స్టిట్యూట్ దిగింది 1968లో: వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ ఆటగాడు డెనిస్ క్లార్క్.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. పిల్లల ఆటల్లోనూ కింది స్థాయి పోటీల్లోనూ, జాతీయ సమాఖ్య ఒప్పుకుంటే, బయటికి వచ్చినవాణ్ణి మళ్లీ దింపే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. మన జిల్లా, మండల టోర్నమెంట్ల నిర్వాహకులు ఆ అనుమతి ముందే తీసుకుని నియమాల కాగితంలో అచ్చు వేయించాలి. లేకపోతే మంచి ఆటగాణ్ణి పోగొట్టుకోవడం ఇష్టంలేని కోచ్, దెబ్బ తగిలినా ‘ఏం కాదురా, ఆడు’ అంటాడు. గాయం తీవ్రమైందనిపిస్తే ఆట ఆపి ఆటగాణ్ణి బయటికి పంపాల్సింది రిఫరీ. కోచ్ ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు.

కాలర్ బోన్ విరిగితే పిల్లవాడు ఆ చేతిని రెండో చేత్తో పొట్టకు ఆనించి పట్టుకుంటాడు, భుజం కిందికి జారినట్టు కనిపిస్తుంది. చెయ్యి పైకెత్తమనొద్దు, భుజం లాగొద్దు, జెర్సీ తలమీదుగా తీయొద్దు. చెయ్యి ఎలా ఉంటే నొప్పి తగ్గుతుందో అలాగే ఉంచి తువ్వాలుతో మెడకు కట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కాయేమో, చల్లబడ్డాయేమో చూడాలి. ఎముక ముక్క చర్మాన్ని పైకి పొడుస్తున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ ఎముక కిందే పెద్ద రక్తనాళాలూ ఊపిరితిత్తి పైకొసా ఉంటాయి.

ఈసారి క్రెస్‌వెల్ గురించి రాసినప్పుడు, పక్కనే చిన్న పెట్టె కట్టి తువ్వాలు ఎలా కట్టాలో బొమ్మతో వేయండి.

— ఒక ఫుట్‌బాల్ అభిమాని, హైదరాబాద్