ఆచార్య సి.ఆర్. రావు స్మృతి గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి నమస్కారములు.

2023 ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూసిన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మీ విశ్వవిద్యాలయంలోనే గణితం చదివారని మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. గణాంక అంచనాలు ఎంత కచ్చితంగా ఉండగలవో హద్దు చెప్పే ఆయన సూత్రం, క్రామర్–రావు అసమానత, పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ నిలుస్తుంది. నా మనవి ఆయనలోని గురువును గురించి. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో దశాబ్దాలపాటు పనిచేసిన ఆయన, శిష్యులను తన అంశానికే కట్టిపడేయకుండా, ఎవరికి నచ్చిన దారిలో వారిని పోనిచ్చారు. అలా సంభావ్యతా సిద్ధాంతం వైపు మళ్లిన ఆయన శిష్యుడు ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ 2007లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఏబెల్ బహుమతి అందుకున్నారు. పర్యవేక్షకుడి పేరు శిష్యుల ప్రతి పరిశోధన పత్రం మీదా ఉండి తీరాలనుకునే ఈ రోజుల్లో (ఈ మాట కటువుగా ఉంటే మన్నించాలి) ఇది చిన్న విషయం కాదు.

తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లిని ఆయన పెద్దవయసులోనూ కృతజ్ఞతతో తలచుకునేవారు. భార్య భార్గవి గారితో ఆరు దశాబ్దాలకు పైగా కాపురం చేసి, చివరి ఏళ్లు కుమార్తె చెంత గడిపారు.

అందుచేత ఆయన జన్మదినమైన సెప్టెంబరు 10న, పూలమాలలతో సరిపెట్టక, పరిశోధక విద్యార్థులు తామే ఎంచుకున్న అంశాన్ని ఆచార్యుల ముందు నిస్సంకోచంగా వినిపించే సభను ఏటా జరిపించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గణాంకశాస్త్ర అధ్యాపకుడు